అబద్ధం చెప్పే దీపాన్నీ చూపాలి

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రం, రెండో యూనిట్. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. అప్పుడు మొదలైన ప్రమాదం గురించి చాలామందికి తెలుసు. దానిపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వేసిన సంఘం గణితవేత్త జాన్ కెమెనీ అధ్యక్షతన అదే ఏడాది అక్టోబరులో నివేదిక ఇచ్చింది. అందులోని ఒక విషయం మాత్రం పెద్దగా చర్చకు రాదు. ఆ కేంద్రం ఆపరేటర్లు శిక్షణ పొందింది రియాక్టర్ తయారీదారైన బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ సంస్థ సిమ్యులేటర్ మీద, అంటే కంట్రోల్ రూమ్‌ను అనుకరించే శిక్షణ యంత్రం మీద. అది వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో ఉండేది. ఒకవైపు పీడనం పడిపోతూ, మరోవైపు ప్రెషరైజర్‌లో నీటిమట్టం పెరిగే పరిస్థితిని చూపించే శక్తి ఆ సిమ్యులేటర్‌కు లేదు. ఆ వేకువన కంట్రోల్ రూమ్‌లో వాళ్లకు ఎదురైంది సరిగ్గా ఆ పరిస్థితే.

ఇది ఎంత పెద్ద లోపమో అర్థం కావాలంటే ఆ రియాక్టర్ లోపలికి ఓసారి తొంగి చూడాలి. ఈ రకం రియాక్టర్‌లో ఇంధనాన్ని చల్లబరిచే నీరు దాదాపు 150 బార్ల పీడనంలో తిరుగుతుంటుంది. అంత ఒత్తిడి కింద నీరు మరగాలంటే వేడి దాదాపు 340 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అందుకే 300 డిగ్రీలు దాటిన నీరు కూడా ద్రవంగానే ఉంటుంది. మామూలుగా ఆ వలయం మొత్తంలో ఆవిరి ఉండే చోటు ఒక్కటే, ప్రెషరైజర్ అనే నిలువు పాత్ర పైభాగం. కింద నీరు, పైన ఆవిరి. మిగతా గొట్టాలన్నీ నీటితో నిండి ఉన్నంత కాలం ఆ పాత్రలోని మట్టాన్ని చూసి వలయంలో నీరెంతుందో చెప్పేయవచ్చు. ఆపరేటర్లకు నేర్పింది అదే. పాత్ర అంచుదాకా నీటితో నిండిపోతే పీడనం మీద అదుపు పోతుందనీ, ఎట్టి పరిస్థితుల్లో అలా నిండనివ్వకూడదనీ కూడా గట్టిగా నేర్పారు.

ఆ రోజు ప్రెషరైజర్ పైనున్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది, తిరిగి మూసుకోలేదు. ఆవిరి బయటికి పోతున్నకొద్దీ పీడనం తగ్గింది. పీడనం తగ్గేసరికి వలయంలోని వేడినీరు ఎక్కడికక్కడ మరగడం మొదలుపెట్టింది. పుట్టిన ఆవిరి చోటు ఆక్రమించుకుని నీటిని ప్రెషరైజర్‌లోకి నెట్టింది. అంటే వలయంలో నీరు తరిగిపోతుంటే, మట్టం చూపే మీటరు మాత్రం పైకి పోతోంది. ఆపరేటర్లు తమకు నేర్పినట్టే చేశారు. దానంతటదే మొదలైన అత్యవసర నీటి సరఫరాను, నీరు ఎక్కువైందనుకుని, తగ్గించేశారు. వాల్వ్ తెరిచే ఉందని పోల్చుకుని అదే దారిలో ఉన్న మరో వాల్వ్‌ను మూసేసరికి 6 గంటల 22 నిమిషాలైంది. చివరికి ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయింది.

ఆపరేటర్ల పొరపాటు అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు న్యాయంగా అనిపించదు. పీడనం, మట్టం కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి అని వాళ్ల చేతులకు అలవాటు చేసిన యంత్రం ఒకటుంది. ఆ కాలపు కంప్యూటర్ల శక్తి పరిమితం. నీరూ ఆవిరీ కలగలిసి ప్రవహించే స్థితిని వలయమంతటా లెక్కకట్టడం వాటికి మోయలేని పని. అందువల్ల సిమ్యులేటర్ వెనకున్న గణితాన్ని వీలైనంత సులువు చేసేవారు. సులువు చేసిన మేరకు ప్రకృతిలోని ఒక ప్రవర్తన తెరమరుగైంది. అది తెరమరుగైందన్న సంగతి శిక్షణ పొందేవాళ్లకు తెలిసే దారే లేదు.

పైగా హెచ్చరిక అప్పటికే వచ్చి ఉంది. 1977 సెప్టెంబరు 24న ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో, అదే తయారీదారు రియాక్టర్‌లో, అదే రకం వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. అక్కడా పీడనం తగ్గుతుంటే మట్టం పెరిగింది, అక్కడా ఆపరేటర్లు నీటి సరఫరా తగ్గించారు. అదృష్టవశాత్తూ రియాక్టర్ అప్పుడు 9 శాతం శక్తితోనే నడుస్తోంది, పైగా 20 నిమిషాల్లో వాల్వ్ సంగతి కనిపెట్టారు. తయారీ సంస్థలోని ఇంజినీరు బెర్ట్ డన్ 1978 ఫిబ్రవరిలో ఆపరేటర్లకు కొత్త సూచనలు పంపాలని తన సంస్థలోనే రాతపూర్వకంగా కోరారు. త్రీ మైల్ ఐలాండ్ కంట్రోల్ రూమ్‌కు ఆ సూచనలు చేరలేదు. నిజమైన ప్లాంట్‌లో ఒక సంఘటన జరిగితే, దాన్ని తెచ్చి సిమ్యులేటర్ మీద ఆడించి ‘ఇదీ అలాగే చూపిస్తోందా?’ అని అడిగే పద్ధతి ఉండి ఉంటే, లించ్‌బర్గ్ యంత్రం లోటు 1977లోనే బయటపడేది.

ఇంకో సంగతి ఉంది, సిమ్యులేటర్లు కట్టే విద్యలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. ఆ రిలీఫ్ వాల్వ్‌కు కంట్రోల్ ప్యానెల్ మీద ఒక దీపం ఉండేది. వాల్వ్ మూసుకోవాలన్న విద్యుత్ ఆదేశం వెళ్లగానే ఆ దీపం ఆరిపోతుంది. వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో దానికి పట్టదు. దీపం ఆరింది కాబట్టి వాల్వ్ మూసుకుందనుకున్నారు. ఇప్పుడు ఆ ప్లాంట్‌కు సిమ్యులేటర్ తయారుచేసే ఇంజినీరు స్థానంలో మనం ఉన్నామనుకుందాం. దీపాన్ని వాల్వ్ అసలు స్థితికి కలిపేయడం ప్రోగ్రాములో చాలా తేలిక. అప్పుడు సిమ్యులేటర్ ఎప్పుడూ నిజమే చెబుతుంది, ఆపరేటర్ దీపాన్ని నమ్మడం నేర్చుకుంటాడు. కానీ ప్లాంట్‌లో దీపం ఆదేశానికి కలిపి ఉంది. కాబట్టి వాల్వ్‌ను ఒకటిగా, ఆదేశాన్ని మరొకటిగా, దీపాన్ని ఇంకొకటిగా లెక్కలో పెట్టి, ప్లాంట్ అబద్ధం చెప్పేచోట సిమ్యులేటర్ కూడా అదే అబద్ధం చెప్పేలా కట్టాలి. పీడనం కొలిచే సెన్సర్లకు, ఉష్ణోగ్రత మీటర్లకు, కరెంటు పోతే సున్నా దగ్గర ఆగిపోయే ముల్లుకు, అన్నిటికీ ఇదే నియమం.

కెమెనీ నివేదిక తర్వాత అమెరికా అణువిద్యుత్ రంగం శిక్షణను మొదటినుంచీ తిరగరాసుకుంది. 1987లో సవరించిన నిబంధనలు ఆపరేటర్ల లైసెన్సు పరీక్షకు సిమ్యులేటర్‌ను తప్పనిసరి చేశాయి. ఆ సిమ్యులేటర్ ఏదో ఒక రియాక్టర్‌ను పోలి ఉంటే చాలదు, అభ్యర్థి పనిచేయబోయే కేంద్రం కంట్రోల్ రూమ్‌కే నకలుగా ఉండాలన్న ఆలోచన స్థిరపడింది. అవే మీటలు, అవే మీటర్లు, ప్యానెల్ మీద అదే చోట అవే పేర్లు. ఆ ప్యానెళ్ల వెనక ప్లాంట్ ఉండదు, కంప్యూటర్లుంటాయి. రియాక్టర్ భౌతికశాస్త్రం, నీటి ప్రవాహం, ఉష్ణ బదిలీ, టర్బైన్, జనరేటర్, విద్యుత్ సరఫరా, అలారాల తర్కం, వీటన్నిటి సమీకరణాలను సెకనులో చిన్న భాగానికోసారి తిరిగి పరిష్కరిస్తుంటాయి. ప్లాంట్‌లో పది సెకన్లు పట్టే మార్పుకు ఇక్కడా పది సెకన్లే పట్టాలి. ఆపరేటర్ ఆలోచించడానికి దొరికే వ్యవధి కూడా శిక్షణలో భాగమే కదా.

ఇలాంటి యంత్రం ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పేది అమెరికన్ న్యూక్లియర్ సొసైటీ రూపొందించిన 3.5 అనే ప్రమాణం. దాన్ని ఎన్నోసార్లు సవరించారు. 1985 నాటి కూర్పు ప్రకారం, రియాక్టర్ నిలకడగా నడుస్తున్నప్పుడు కీలకమైన కొలతలు అసలు ప్లాంట్ కొలతలకు 2 శాతం లోపు తేడాతో ఉండాలి, మిగతావి 10 శాతం లోపు. అంకెలు కలిస్తే చాలదు. ప్లాంట్‌లో మోగే అలారం సిమ్యులేటర్‌లోనూ మోగాలి. ప్లాంట్‌లో మోగనిది ఇక్కడా మోగకూడదు. దానంతటదే పనిచేసే రక్షణ వ్యవస్థలకూ ఇదే వర్తిస్తుంది. ఏ దశలోనూ భౌతిక నియమాలు ఉల్లంఘన కాకూడదు. నీరు శూన్యంలోంచి పుట్టకూడదు, శక్తి లెక్క తప్పకూడదు. ఒకే ప్రారంభ స్థితి నుంచి ఒకే చర్యలు చేస్తే ఎన్నిసార్లయినా ఒకే ఫలితం రావాలి. లేకపోతే ఇద్దరు అభ్యర్థులకు ఒకే పరీక్ష పెట్టామని చెప్పుకోలేం.

ఆ ప్రమాణంలో తరచూ చేయాల్సిన పరీక్షల జాబితా ఒకటుంది. రియాక్టర్ ట్రిప్ (ఉన్నట్టుండి ఆగిపోవడం), టర్బైన్ ట్రిప్, ఫీడ్‌వాటర్ పంపులన్నీ ఒక్కసారే ఆగడం, శీతలక పంపులన్నీ ఆగడం, ప్రధాన ఆవిరి గొట్టం పగలడం, అతిపెద్ద గొట్టం తెగి అదే సమయంలో బయటి విద్యుత్ కూడా పోవడం, ఇలా సాగుతుంది. జాబితా చివర్లో మరొకటి కనిపిస్తుంది. ప్రెషరైజర్ రిలీఫ్ లేదా సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి, అత్యవసర అధిక పీడన నీటి సరఫరా పనిచేయకుండా ఉంటే, వలయం నెమ్మదిగా పీడనం కోల్పోయి మరిగే స్థితికి చేరడం. త్రీ మైల్ ఐలాండ్‌లో ఆ వేకువన జరిగిందే అది. లించ్‌బర్గ్ సిమ్యులేటర్ చేయలేకపోయిన పనిని తర్వాతి సిమ్యులేటర్లన్నీ చేసి చూపించి తీరాలని ప్రమాణంలోనే రాసిపెట్టారు. సాంకేతిక ప్రమాణాలు చదవడానికి పొడిగా ఉంటాయంటారు. ఈ వాక్యం వెనక ఒక కరిగిన రియాక్టర్ ఉందని తెలిశాక నేను దాన్ని అలా చదవలేను.

అయితే పోల్చాలంటే పక్కన ఏదైనా ఉండాలి కదా. దేనితో పోల్చాలి? ఈ ప్రశ్న దగ్గరే సిమ్యులేటర్ పరీక్షలు నిజంగా కష్టమవుతాయి. టర్బైన్ ట్రిప్‌లాంటివి ప్లాంట్‌లో అప్పుడప్పుడూ జరుగుతాయి. ఆ రికార్డులు తీసి, పీడనం గీత మీద గీత పెట్టి చూడవచ్చు. పెద్ద గొట్టం తెగే ప్రమాదం ఆ ప్లాంట్‌లో ఎప్పుడూ జరగలేదు, జరగకూడదు. దానికి సాక్ష్యం మరో లెక్కే. రెలాప్‌లాంటి పెద్ద విశ్లేషణ ప్రోగ్రాములు, ప్రయోగశాల నమూనాల్లో కొలిచిన ఫలితాలతో సరిచూసుకున్నవి, ఏం చెబుతున్నాయో చూసి సిమ్యులేటర్ ఫలితాన్ని దానితో పోలుస్తారు. అదీ లేనిచోట అనుభవజ్ఞులైన ఇంజినీర్లు, ఆపరేటర్లు కూర్చుని ఇది సబబుగా ఉందా అని చూస్తారు. ఈ మూడో మార్గం తప్పనిసరే గానీ బలహీనమైంది. చూసే అనుభవజ్ఞుడు కూడా తన అంచనాలను చాలావరకు అలాంటి సిమ్యులేటర్ల మీదే పెంచుకుని ఉంటాడు. మట్టం, పీడనం కలిసే పడతాయని నమ్మిన వాళ్లను పిలిచి లించ్‌బర్గ్ యంత్రాన్ని చూడమంటే, సబబుగానే ఉందనేవారు. అందుకే ప్రతి పరీక్ష ఫలితం పక్కనా దేనితో పోల్చారో రాసి ఉండాలని నా పట్టుదల. ప్లాంట్ రికార్డా, విశ్లేషణా, నిపుణుడి మాటా? ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘ఉత్తీర్ణం’ అని రాసేస్తే, ఎక్కడ నేల గట్టిగా ఉందో ఎక్కడ మెత్తగా ఉందో తర్వాత వచ్చేవాళ్లకు తెలియదు.

సిమ్యులేటర్ ఘోరంగా తప్పు చేస్తే ప్రమాదం తక్కువే. రియాక్టర్ ఆగిపోయినా టర్బైన్ తిరుగుతూనే ఉంటే మొదటిరోజే ఎవరో ఒకరు పట్టుకుంటారు. నమ్మదగినట్టుండే తప్పే ప్రమాదకరం. పంపు ఆగాక ప్రవాహం అసలుకన్నా పావు నిమిషం ఎక్కువసేపు కొనసాగిందనుకోండి, ఎవరికీ అనుమానం రాదు. ఆపరేటర్ మాత్రం లేని పావు నిమిషాన్ని తనకున్న వ్యవధిగా లెక్కేసుకుంటాడు. దీన్నే శిక్షణ రంగంలో నెగటివ్ ట్రైనింగ్ అంటారు. నేర్పకపోవడం వేరు, తప్పు నేర్పడం వేరు. నేర్పకపోతే ఆపరేటర్‌కు తనకు తెలియదన్న స్పృహైనా ఉంటుంది.

ఇలాంటి తేడాలు తెలిసినప్పుడు కొందరు ఇన్‌స్ట్రక్టర్లు ఎంచుకునే దగ్గరి దారి ఒకటుంది. ‘ఇక్కడ సిమ్యులేటర్ ఇలా చూపిస్తుంది గానీ ప్లాంట్‌లో అలా ఉండదు, గుర్తుపెట్టుకోండి’ అని నోటిమాటగా చెప్పేయడం. అలారాలు వరసగా మోగుతున్న వేళ మనిషికి గుర్తొచ్చేది చెవిన పడిన సవరణ కాదు, చేత్తో చేసిన పని. గమనించిన ప్రతి తేడానూ కాగితం మీద పెట్టాలి, దానికో నంబరు ఇవ్వాలి, శిక్షణ మీద దాని ప్రభావమెంతో తేల్చాలి, సరిచేశాక మళ్లీ పరీక్షించాలి. అమెరికా నిబంధనలు ఇదే అడుగుతాయి. సిమ్యులేటర్ వాడుకలో ఉన్నంతకాలం పనితీరు పరీక్షలు కొనసాగించాలనీ, ఫలితాలను 4 ఏళ్లపాటు భద్రపరచాలనీ, బయటపడ్డ తేడాలను సరిచేయాలనీ చెబుతాయి. ప్రమాణం తర్వాతి కూర్పుల్లో ఇంకో మంచి పద్ధతి చేరింది. ఒక్కో లోపాన్ని విడివిడిగా పరీక్షించడంతో ఆగకుండా, శిక్షణలోనూ పరీక్షల్లోనూ వాడే సన్నివేశాన్ని మొదటినుంచి చివరిదాకా నడిపి, రావాల్సిన అలారాలన్నీ వచ్చాయా, అత్యవసర విధానాల పుస్తకం సరైన దారిలోకే తీసుకెళ్లిందా అని చూస్తారు. రెండు మూడు లోపాలు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడే మోడల్ అతుకులు ఊడుతాయి. విడిగా పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి.

ప్లాంట్ కూడా ఒకచోట ఆగి ఉండదు. వాల్వ్ మారుతుంది, పాత ముల్లు మీటర్ల స్థానంలో తెర వస్తుంది, అలారం మోగాల్సిన హద్దు జరుగుతుంది. శిక్షణకు సంబంధించిన మార్పు ప్లాంట్‌లో అమల్లోకొచ్చిన 24 నెలల్లోపు సిమ్యులేటర్‌లోకి రావాలని 3.5 ప్రమాణం గడువు పెట్టింది. ఇంధనం మార్చిన ప్రతిసారీ కోర్ ప్రవర్తన కూడా కొంత మారుతుంది. పాత కోర్ లెక్కలతో నడిచే సిమ్యులేటర్ మీద, కంట్రోల్ రాడ్‌ను ఒక మెట్టు కదిలిస్తే శక్తి ఎంత మారుతుందన్నది కాస్త తేడాగా వస్తుంది.

మన దేశపు భారజల రియాక్టర్ల సంగతి ఇక్కడ వేరు. వాటిలో ఇంధనాన్ని రియాక్టర్ నడుస్తుండగానే ఒక్కో ఛానెల్‌లో మారుస్తుంటారు, కాబట్టి కోర్ ఏరోజుకారోజు కొంచెం కొంచెంగా మారుతూనే ఉంటుంది. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306 ఛానెళ్లుంటాయి. 540, 700 మెగావాట్ల రియాక్టర్లలో 392. పెద్ద కోర్‌లో ఒక పక్క శక్తి పెరిగి మరో పక్క తగ్గి, గంటల తరబడి అటూ ఇటూ ఊగే అవకాశముంది. జినాన్ అనే వాయువు న్యూట్రాన్లను మింగేయడం వల్ల వచ్చే ఊగిసలాట అది. దాన్ని అదుపు చేయడానికి తారాపూర్ 3, 4 యూనిట్లలో 14 ద్రవ నియంత్రణ అరలు పెట్టారు. రియాక్టర్ మొత్తాన్ని ఒకే బిందువుగా భావించి లెక్కకట్టే సులువు మోడల్‌కు ఎడమ, కుడి తెలియవు. ఈ ఊగిసలాట దానికి కనిపించదు. అలాంటి మోడల్ మొత్తం శక్తిని ఎంత కచ్చితంగా చూపినా, పెద్ద రియాక్టర్ ఆపరేటర్‌కు సగం పనే నేర్పుతుంది.

సిమ్యులేటర్‌ను ఎంత పరీక్షించినా దాని పరిధికి బయట ఉండిపోయేవీ ఉన్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు చెలరేగాయి. కేబుళ్లు కాలి, 17 గంటలపాటు విద్యుత్ లేకుండా పోయింది. పొగ కమ్మేయడంతో కంట్రోల్ రూమ్‌ను వదిలి రావాల్సి వచ్చింది. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో ఆవిరి జనరేటర్లకు నీరు పంపి రియాక్టర్‌ను కాపాడుకున్నారు. ఇక 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా కేంద్రంలో సునామీ తర్వాత బ్యాటరీలు కూడా పోయి మొదటి యూనిట్ ప్యానెళ్లు చీకటైపోయాయి. అక్కడ ఐసొలేషన్ కండెన్సర్ అనే శీతలీకరణ వ్యవస్థను అసలు నడిపిన అనుభవం డ్యూటీలో ఉన్న ఆపరేటర్లలో ఎవరికీ లేదని జపాన్ ప్రభుత్వం వేసిన హతమురా సంఘం తేల్చింది. మీటర్లు పనిచేస్తూనే ఉంటాయన్న ఊహ మీద కట్టిన శిక్షణ మీటర్లు చచ్చిపోయిన గదిలో అక్కరకు రాలేదు. ఆ తర్వాత చాలా దేశాల్లో కోర్ కరిగే దశను లెక్కకట్టే ప్రోగ్రాములను సిమ్యులేటర్లకు జోడించడం పెరిగింది.

ఇప్పుడిక ప్లాంట్‌కన్నా ముందే పుట్టే సిమ్యులేటర్ల దగ్గరికి వద్దాం. లైసెన్సున్న ఆపరేటర్లు లేకుండా ఇంధనం నింపకూడదు. కాబట్టి పోల్చడానికి ప్లాంట్ లేనప్పుడే సిమ్యులేటర్ సిద్ధంగా ఉండాలి. కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ కోసం ఇందిరాగాంధీ అణుపరిశోధన కేంద్రం తయారుచేసుకున్న కల్‌బ్ర్-సిమ్ ఇలాంటిదే. అందులో శీతలకం నీరు కాదు, ద్రవ సోడియం. పక్కన పెట్టి చూసుకోవడానికి మన దేశంలో ఆ పరిమాణంలో మరో రియాక్టర్ లేదు. డిజైన్ లెక్కలే దానికి ఆధారం. ఇలాంటిచోట రియాక్టర్ మొదలైన తొలి నెలల్లో వచ్చే ప్రతి కొలతా సిమ్యులేటర్‌కు తిరిగి చేరాలి, డిజైన్ లెక్కను ప్లాంట్ కాదన్నచోట మోడల్‌ను మార్చాలి.

ప్లాంట్‌కన్నా ముందే సిమ్యులేటర్ కావాలన్న ఈ అవసరం శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడకూ వర్తిస్తుంది. అక్కడ ఏపీ1000 అనే రకం రియాక్టర్లు 6 కట్టాలన్నది ప్రతిపాదన. అవి వస్తే అక్కడి ఆపరేటర్లకు పోలిక కోసం ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్లుంటాయి. అమెరికాలోని జార్జియాలో అదే రకానికి చెందిన వోగల్ 3వ యూనిట్ 2023 జులైలో, 4వది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. రియాక్టర్ భాగం వరకు ఆ రికార్డులు అమూల్యం. కానీ వోగల్ సిమ్యులేటర్‌ను తెచ్చి అలాగే బిగించడానికి వీల్లేదు. అమెరికా గ్రిడ్ 60 హెర్ట్జ్, మనది 50. అలాంటి పెద్ద అణువిద్యుత్ టర్బైన్ అక్కడ నిమిషానికి 1800 సార్లు తిరిగితే ఇక్కడ 1500 సార్లే తిరుగుతుంది. ట్రిప్ అయ్యాక అది నెమ్మదించే తీరు వేరుగా ఉంటుంది. వోగల్ తన వేడిని నది పక్కన కట్టిన కూలింగ్ టవర్ల ద్వారా వదులుతుంది, కొవ్వాడ సముద్రతీరం. కండెన్సర్‌లో శూన్యం ఎంత నిలుస్తుందో, ఎండాకాలం మధ్యాహ్నం టర్బైన్ ఎన్ని మెగావాట్లిస్తుందో బంగాళాఖాతం నీటి వేడి మీద ఆధారపడుతుంది. గ్రిడ్‌లో ఒడుదొడుకులొచ్చినప్పుడు రియాక్టర్ ఎంత తరచుగా ట్రిప్పయ్యే అవకాశముందో మన దక్షిణాది గ్రిడ్ రికార్డులే చెప్పగలవు. ఆ సమాచారం సేకరించడానికి రియాక్టర్ కట్టేదాకా ఆగనక్కర్లేదు. సముద్రపు నీటి ఉష్ణోగ్రతలనూ, గ్రిడ్ రికార్డులనూ ఇప్పటినుంచే పోగుచేసి పెట్టుకోవచ్చు.